మేలురకం బంతి

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో జిల్లాకు తెలుగు పట్టుకుంది.

కొన్ని జిల్లాలకు డెంగీ పట్టుకుంటుంది, కొన్నిటికి యోగా పట్టుకుంటుంది. ఈ జిల్లాకు తెలుగు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంగ్లీషు ముక్క వినబడకూడదనీ, కనబడకూడదనీ పైనుంచి ఉత్తర్వు దిగింది. ఉత్తర్వు మంచిదే. తెలుగువాళ్ళు తెలుగు మాట్లాడితే ఎవరికి చేదు? చిక్కల్లా ఆ పని తెలుగు మాట్లాడేవాళ్ళకు కాకుండా ఒక కమిటీకి అప్పగించడంలో వచ్చింది. కమిటీ ముందుగా తన పేరును 'అచ్చతెనుగు అమలు మండలి' అని మార్చుకుంది. తరువాత ఒక నిఘంటువును ముందర పెట్టుకుని జిల్లాలోని కాగితాలన్నిటినీ వరసపెట్టి శుద్ధి చేయసాగింది.

మునగవలస బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు ఎర్నమ్మకు ఆ సెగ బాస్కెట్‌బాల్ రూపంలో తగిలింది.

ఎర్నమ్మది మైదానానికి ఆ చివరి నుంచి ఈ చివరికి వినబడే గొంతు. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల జిల్లా ఎంపికలు దగ్గరపడటంతో పొద్దున్నా సాయంత్రమూ పిల్లల్ని పరుగులు పెట్టిస్తోంది. అందరిలోకీ ఆమె ప్రాణం తనూజ మీద ఉంది. తనూజ పొట్టిపిల్ల. బంతి చేతికొచ్చిందంటే మాత్రం ఎవరికీ అందదు. పోయిన ఏడు ఎంపికలకు వెళితే అక్కడి పెద్దలు ఆ పిల్లకు బంతి ఇవ్వకుండానే గోడకు ఆనించి కొలిచి, "ఇంకొంచెం పెరిగి రామ్మా" అని పంపేశారు. పెరిగింది వయసొక్కటే. ఈసారి తప్పితే ఇక వయసు దాటిపోతుంది. నెగ్గితే రాజధానిలో క్రీడా పాఠశాలలో సీటు, సిమెంటు కోర్టు, తిండీ చదువూ అన్నీ అక్కడే. జూట్ మిల్లులో పనిచేసే తల్లి నరసమ్మ ముందే చెప్పేసింది: "ఈపాలి కూడా రాకపోతే ఆ బంతి అటకమీద పడీసి బుద్దిగా సదువుకో."

అందుకే ఎర్నమ్మ గొంతు ఆ ఏడు మరీ పెరిగింది.

"బంతిని సూడకే గుంటా! బుట్ట సూడు! బంతి నీ సేతిలోనే ఉంది, అదెక్కడికీ పోదు. బుట్ట ఎటేపుందో సూసుకో!"

ఆమె చెప్పే కోచింగంతా ఈ ఒక్క మాటే. మిగతాది పరుగు.

అలాంటి ఒక ఉదయం హెడ్మాస్టరు సదాశివం గారు ఆమెను గదికి పిలిపించారు. సదాశివం గారికి పై అధికారుల కాగితమంటే ఎంత గౌరవమంటే, దాన్ని ఆయన నిలబడే చదువుతారు. ఆరోజూ నిలబడి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"విషయము: బాలికల బుట్టబంతి ఎంపికలు. సదరు ఎంపికలకు హాజరగు ప్రతి పాఠశాలయందును నిర్ణీత కొలతలు గల న్యాయస్థానము ఉండవలెను. బాలికలకు చొంగ కార్చుటయందును, కాల్పులయందును తగు తర్ఫీదు ఇవ్వవలెను. బాలికలు పరస్పరము ఉత్తీర్ణతలు ఇచ్చిపుచ్చుకొనవలెను. ప్రతి జట్టు వెంట ఒక రైలుపెట్టె తప్పక రావలెను."

చదివి, కాగితాన్ని రెండు చేతులతో బల్లమీద పెట్టి, "ఏమిటమ్మా ఇది?" అన్నారు నీరసంగా.

ఎర్నమ్మ కాసేపు ఆలోచించింది. "న్యాయస్థానమంటే కోర్టు మాస్టారూ. మన ముగ్గుపిండి గీతలు. కాల్పులంటే షూటింగు. ఉత్తీర్ణతంటే పాసు, బంతి పాసు సెయ్యడం. రైలుపెట్టె అంటే కోచ్చి. అంటే నాను."

"నువ్వు రైలుపెట్టెవా?"

"ఆలు అలగే రాసినారు మరి."

"చొంగో?"

ఎర్నమ్మకు అది మాత్రం అంతుపట్టలేదు. తెలుగు మాస్టారి దగ్గరున్న లావుపాటి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెప్పించి, ఆట మాటలు ఒక్కొక్కటే వెతికితే తెలిసింది. డ్రిబ్లింగుకు అందులో మొదటి అర్థం చంటిపిల్లల నోటి చొంగ. బంతిని నేలకేసి కొడుతూ పరిగెత్తడం కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. మండలివారికి అంత కిందకి దిగే తీరిక ఉండకపోవడం సహజం.

"సాయంత్రంలోగా చొంగ కార్చే ఫొటోలు పంపమన్నారమ్మా. ఏ పాఠశాల పంపకపోతే ఆ పాఠశాల పిల్లల్ని రానివ్వరట" అన్నారు సదాశివం గారు. చిన్న ఇంక్రిమెంటు తేడా కూడా తట్టుకోలేని మనిషాయన. చెమటలు పట్టేశాయి.

ఎర్నమ్మ బయటకు వచ్చి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళెదుట ఒక పుల్లటి మామిడికాయను కోసి, ఉప్పూ కారం అద్ది, తానే మెల్లగా తినసాగింది. పిల్లలు గుటకలు మింగారు. "మింగకండే! కార్చండి!" అంది. తెలుగు మాస్టారు ఫొటోలు తీశారు. మర్నాడే జవాబు వచ్చింది: చొంగ కార్చుటయందు మునగవలస జిల్లాకే ఆదర్శమని.

న్యాయస్థానం సంగతి సదాశివం గారు స్వయంగా చూసుకున్నారు. రింగు స్తంభానికి 'న్యాయస్థానము' అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి కట్టించారు. రెండోరోజుకే పక్క వీధి నుంచి గోడ తగాదా ఉన్న అన్నదమ్ములిద్దరు కాగితాలు పట్టుకుని రింగు కింద చేతులు కట్టుకు నిలబడ్డారు. ప్రాక్టీసుకు అడ్డం పడుతున్నారని ఎర్నమ్మ ఈల నోట్లోంచి తీసి, ఇద్దరిదీ విని, గోడ మధ్యలో కట్టుకోమని తీర్పు చెప్పి పంపేసింది. ఏళ్ళ తరబడి తెగనిది తెగినందుకు వాళ్ళు పిల్లలకు అరటిపళ్ళు కూడా ఇచ్చివెళ్ళారు. ఇంతవరకూ నవ్వుకోడానికి బాగానే ఉంది.

ఆ వారం చివర్లో ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఉద్యాన శాఖ సిబ్బంది దిగి, కోర్టు నిండా బంతినారు ట్రేలు పరిచి, పక్కనే వెదురుబుట్టలు దొంతర పెట్టారు.

ఇందులో తప్పు పట్టాల్సినవాళ్ళు ఎవరూ లేరు. 'బుట్టబంతి' అన్న మాట కలెక్టరాఫీసులో టపా చూసే గుమాస్తా ముందుకు వచ్చింది. బుట్ట ఉంది, బంతి ఉంది. బంతిపూలు ఎవరి శాఖ? ఆయన ఫైలు మీద 'ఉద్యాన శాఖకు, తదుపరి చర్య నిమిత్తం' అని రాసి, ఇన్నాళ్ళకు ఒక కాగితం చూడగానే అర్థమైనందుకు సంతోషించి టీకి వెళ్ళాడు.

"ఇవి పూల మొక్కలు బాబూ! మాది ఆట!" అని ఎర్నమ్మ మొత్తుకుంది.

"జిల్లా ఎంపికకి బంతి మీరు పెంచుతున్నారనుందమ్మా కాగితంలో. రోజూ నీళ్ళు పెట్టండి" అని వ్యాను వెళ్ళిపోయింది.

తనూజ బంతిని చంకలో పెట్టుకుని ఆ ట్రేలకేసి చూస్తూ నిలబడింది. "టీచర్, మరి ఎంపికలు లేనట్టేనా?" అంది.

"నానుండగా లేకపోడమేటే? రేపు నానెళ్ళి మాట్లాడతాను. ఈలోగా ఈ ట్రేల మధ్యనుంచి బంతి కొట్టుకుంటా పరిగెత్తండి. ఒక్క మొక్క నలిగిందా, తాటలొలిచేస్తాను!"

మర్నాడు ఎర్నమ్మ జిల్లా కేంద్రంలో మండలి ఉపసంచాలకులు చిదంబరం గారి కార్యాలయానికి వెళ్ళింది. చిదంబరం గారు నియమానికి ప్రాణమిచ్చే మనిషి. ఆయన గదిలో నోట ఇంగ్లీషు మాట దొర్లినవారు వెంటనే వరసలో చివరికి వెళ్ళాలి. ఆ వరస గదిలో మొదలై, వరండా దాటి, 'ద్విచక్ర వాహన నిలుపుదల స్థలము' దాకా సాగింది. పొద్దుటినుంచి తరగడం లేదు. ముందుకు వచ్చిన ప్రతివాడూ "నమస్కారం సార్" అని వెనక్కి వెళ్ళిపోతున్నాడు.

ఎర్నమ్మ కూడా మొదటిసారి "నమస్కారం సార్" అంది. చిదంబరం గారు చూపుడువేలు ఎత్తారు. చివరికి వెళ్ళింది. రెండోసారి సార్ మింగేసింది గానీ "అయ్యా, మా పిల్లలాడేది బాస్కెట్..." అనేసింది. వేలు లేచింది. ఈసారి వరసలో నిలబడ్డంతసేపూ చీరచెంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"అయ్యా, బంతి," అంది జాగ్రత్తగా. "మీరనుకున్న పువ్వు కాదు. ఇది గుండ్రంగా ఉంటాది."

"బంతిపువ్వు గుండ్రముగానే యుండునుగదా."

"నారింజ రంగులో ఉంటాది."

"నారింజ రంగు బంతియే శ్రేష్ఠము. పసుపుపచ్చనిది దాని తరువాతనే."

"దాన్ని బుట్టలో ఏస్తారయ్యా!"

"వేయక నేలపాలు చేయుదురా?"

"నేలకేసి కొడితే ఎగురుతాదయ్యా!"

చిదంబరం గారు తల ఎత్తారు. కలం తీశారు. "ఎగురు బంతి. నూతన వంగడము. మునగవలస" అని రాసుకున్నారు. "ఈ సంగతి ఉద్యాన శాఖవారికి ప్రత్యేకముగా తెలియజేయుదుము. ఇంకను దానికేమి అవసరము?"

"గాలి కొట్టాలి" అంది ఎర్నమ్మ ఏడుపు గొంతుతో.

"గాలి, వెలుతురు ప్రతి మొక్కకును అవసరమే."

"ఓలమ్మో! అయ్యా, నాకో గుంట ఉంది. పోయినేడు దాని సేతికి బంతే ఇవ్వకుండా గోడకి ఆనించి కొలిచీసి పంపీసినారు. ఈ ఏడు తప్పితే దానికి వొయిసు దాటిపోతాది. దాని బతుకు ఈ ఒక్క మాటలో ఉంది. ఆ మాట మార్చీయండి బాబూ, మీకు పుణ్ణెముంటాది."

ఎంత నియమం మనిషైనా చిదంబరం గారి మనసు కొద్దిగా కరిగింది. గొంతు తగ్గించి, "అమ్మా, మండలి ఆమోదించిన మాటను మార్చుటకు మండలియే సమావేశము కావలెను. కాని కొంతకాలముగా మాకు కోరం..." అని ఆగిపోయారు.

ఇంగ్లీషు మాట దొర్లిపోయింది. అందరూ ఆయనకేసే చూశారు. చిదంబరం గారు తన చూపుడువేలును తానే ఎత్తి, దానికేసి చూసుకుని, కుర్చీలోంచి లేచి, ఉత్తరీయం సర్దుకుని, వరండా దాటి, ద్విచక్ర వాహనాల దగ్గర వరస చివర నిలబడ్డారు.

ఇక ఖాళీ కుర్చీతో మాట్లాడేదేముంది? ఎర్నమ్మ బస్సెక్కేసింది. దారి పొడుగునా తిట్టుకుంది గానీ, మునగవలసలో దిగి మైదానం కేసి చూశాక ఆ కోపం కాస్తా ఎటో పోయింది. తనూజ బంతినారు ట్రేల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ బంతి కొట్టుకుంటూ వస్తోంది. ఒక్క ఆకు కదలడం లేదు. పైగా కళ్ళు రింగు మీదే ఉన్నాయి.

"పువ్వులయితే పువ్వులే!" అని ఎర్నమ్మ ఈల ఊదింది. "ఎవలొచ్చి సూసినా ఆడిపారెయ్యండి!"

ఎంపికల రోజు జిల్లా మైదానంలో వింతగా ఉంది. ఒక స్కూలువారు పిల్లల మెడల్లో బంతిదండలు వేసి తెచ్చారు. ఇంకొకరు పిల్లలకు బదులు పూలబుట్టలే ఆటోలో పంపేశారు. ఎంపిక చేసే అధికారిగా ఉద్యాన శాఖ నుంచి రమణాచారి గారు వచ్చారు. చేతిలో కొలబద్ద, నీళ్ళు చిలకరించే డబ్బా ఉన్నాయి. పూలు తప్ప మరో లోకం తెలియని మనిషి. ఈ ఆటలో ఎవరు ఎవరి తాలూకో ఆయనకు బొత్తిగా తెలియదు. ఆ మైదానంలో అలాంటి అధికారి అడుగుపెట్టడం అదే మొదలు.

"నాకిచ్చిన కాగితంలో బాలికలనీ ఉంది, బంతనీ ఉంది" అన్నారాయన తలగోక్కుంటూ. "మా శాఖ కొలమానాలు మారవు. బాలికల్నే బంతి అనుకుని చూస్తాను. రకం, కాడ గట్టిదనం, ఎండకు నిలవడం, బుట్ట నింపడం. అంతే."

ముందు అందర్నీ ఎండలో పరిగెత్తించారు. ఏసీ బస్సుల్లో వచ్చిన పిల్లలు కాసేపటికే నీడకు చేరారు. మునగవలస పిల్లలు మాత్రం ఎర్నమ్మ ఈల ఆగేదాకా ఆగడం మరిచిపోయినవాళ్ళు. పరిగెడుతూనే ఉన్నారు.

"ఇప్పుడు బుట్ట నింపండి. బుట్టేది?"

ఎర్నమ్మ రింగు చూపించింది. ఆయన కిందనుంచి తొంగిచూశారు. "అడుగు ఊడిపోయిందేంటమ్మా?"

"అది అలగే ఉండాలి బాబూ."

"మా శాఖ బుట్టలు కూడా అలాగే ఉంటాయిలెండి" అని ఆయన సర్దుకున్నారు.

తనూజ చేతికి బంతి వచ్చింది. ఎదురుగా తనకంటే తలా భుజమూ ఎత్తున్న పిల్లలు అడ్డం నిలబడ్డారు. తనూజకు వాళ్ళు నారు ట్రేల్లాగే కనిపించి ఉండాలి. ఎవరికీ తగలకుండా, ఎవర్నీ నలపకుండా మధ్యనుంచి జారిపోయింది. తల ఎత్తే ఉంది. బంతి ఎగిరింది, అడుగులేని బుట్టలోంచి దిగింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ దిగింది. నాలుగోసారి దిగేసరికి రమణాచారి గారు కొలబద్ద కింద పడేసి, "కొట్టమ్మా! ఇంకోటి కొట్టు!" అని గంతులు వేస్తున్నారు. ఎర్నమ్మకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఎండ పడుతోందని చెప్పి తుడుచుకుంది.

ఇంతలో ఆ చుట్టుపక్కల మండలాలకు పెద్దమనిషి కనకరాజు గారు తన కూతుర్ని భుజం పట్టుకుని ముందుకు తెచ్చారు. "మా అమ్మాయి ఎత్తు చూశారా ఆఫీసరు గారూ? పోయినేడు ఎత్తు చూసే రాసేశారు పేరు. జ్వరమొచ్చి వెళ్ళలేదు గానీ, ఆ సీటు మాదే" అన్నారు.

రమణాచారి గారు పిల్లను చూశారు, పక్కనే దన్నుగా నిలబడ్డ తండ్రిని చూశారు. "ఎత్తు రకం గాలికి ఒరుగుతుందండీ. పక్కన ఊతకర్ర పాతాలి. ఇక్కడ ముందే పాతి ఉంది. ఊతకర్రతో నిలబడే రకాల్ని పోటీకి తీసుకోకూడదని మా శాఖ నియమం" అన్నారు. ఆయన నిజంగా మొక్కల గురించే చెప్పారు.

"నాకు ఈతంటే ఇష్టం అంకుల్. చెప్తే నాన్న వినరు" అంది ఆ పిల్ల, పీడ వదిలిపోయినందుకు మొహం వెలిగిపోతూ.

కనకరాజు గారు మండిపడి, అక్కడికక్కడే చిదంబరం గారికి ఫోను చేశారు. చిదంబరం గారు ఎన్నో రోజుల మీద ఆ పూటే వరసలో తన కుర్చీ దాకా చేరుకున్నారు. ఫోను మోగగానే ఎత్తి "హలో" అన్నారు. మళ్ళీ చివరికి వెళ్ళిపోయారు.

సాయంత్రం ధ్రువపత్రం చేతికి వచ్చింది. 'తనూజ, మునగవలస. పొట్టి రకము. మేలు జాతి. కాడ గట్టిది. ఎండకు వాడదు. బుట్ట నింపును. జిల్లాకు ప్రథమము.'

మిల్లు నుంచి వచ్చిన నరసమ్మ దాన్ని కూతురి చేత రెండుసార్లు చదివించుకుంది. "ఎండకి వాడదన్నారు సూడు, ఆ మాట నిజిం" అని కూతురి తల దగ్గరకు తీసుకుని, చాలాసేపు వదలలేదు. బంతిని అటకెక్కించే ఊసు ఆ ఇంట్లో మరి రాలేదు.

క్రీడా పాఠశాలకు పంపే ఉత్తర్వు కూడా ఉద్యాన శాఖ నుంచే వచ్చింది. సదాశివం గారు నిలబడి చదివారు: "ఎంపికైన బంతిని తడిగుడ్డలో చుట్టి, ఎండ తగులకుండ, దారిలో నీళ్ళు చిలకరించుచు, తాజాదనము చెడకుండ చేర్చవలెను. వెంట రైలుపెట్టె వెళ్ళవలెను."

"మాస్టారూ, పిల్లని తడిగుడ్డలో సుట్టమంటారేటి!"

"చుట్టమ్మా. చుట్టకపోతే సీటు ఆపేస్తారేమో. ఎలాగూ రోహిణి ఎండలు, చల్లగా ఉంటుంది" అని సదాశివం గారు తన కొత్త తువ్వాలు తడిపి, తనూజ తలకు తానే చుట్టారు. ఊరంతా బస్టాండుకు వచ్చింది. గోడ తగాదా అన్నదమ్ములు మళ్ళీ అరటిపళ్ళు తెచ్చారు. కోర్టు పక్కన పాతిన నారు అప్పటికి విరగబూసి ఉంది గనక, పిల్లలు బుట్టెడు బంతిపూలు కోసి బస్సులో పెట్టారు. అలా ఆ జిల్లాలో ఏ శాఖ పనీ వృథా పోలేదు.

క్రీడా పాఠశాల గేటు దగ్గర వార్డెను ఒకాయన కాగితాలు పట్టుకుని దిగులుగా నిలబడి ఉన్నాడు. తడి తువ్వాలు చుట్టుకున్న పిల్లనీ, పూలబుట్టనీ, ఈల మెడలో వేసుకున్న రైలుపెట్టెనీ చూసి ఇంకా దిగులు పడ్డాడు.

"మాకు పైనుంచి 'బంతి వచ్చుచున్నది' అని మాత్రమే వచ్చిందమ్మా. ఏ బంతో రాయలేదు. పూల బంతేమోనని మడి తవ్వించాం. భోజనాల బంతేమోనని విస్తళ్ళు వేయించాం. ఇంతకీ నువ్వు ఏ బంతివి?"

ఎర్నమ్మ నోరు తెరవబోయింది. అప్పటికే తనూజ ఆయన్ను దాటి లోపలికి చూస్తోంది. సిమెంటు కోర్టు ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"ఏ బంతైనా పర్లేదండి," అంది. "బుట్ట ఎటేపుందో సూపించండి."

ఆయన చెయ్యి చూపించేలోగా తనూజ తల మీది తువ్వాలు విప్పి, ఉండచుట్టి, లోపలికి పరిగెత్తి, కోర్టు గీత దగ్గరినుంచి విసిరింది. తడి తువ్వాలు రింగు మధ్యలోంచి దిగి, కిందనున్న సిమెంటు మీద తపుక్కున పడింది. ఎర్నమ్మ అలవాటుకొద్దీ ఈల ఊదింది.

వార్డెను కాసేపు ఆ తువ్వాలుకేసి చూశాడు. తరువాత జేబులోంచి కలం తీసి, రసీదు మీద రాసి ఎర్నమ్మకు ఇచ్చాడు: 'బంతి ఒకటి. తాజాగా ఉన్నది. బుట్టలో చేరినది.'